బస్తా కూడా ఊగాలి

మా బావకి ఈ భూమ్మీద రాని పనంటూ లేదు, పరీక్ష రాయడం ఒక్కటి తప్ప.

బావంటే మా అక్క మొగుడు. పార్కుల ఆఫీసులో వెల్డరు. మా ఊళ్ళో పదిహేడు పార్కులున్నాయి. వాటిలో పిల్లలు ఎక్కేవి, జారేవి, ఊగేవి, తిరిగేవి, ఏది విరిగినా బాగుచేసేది అతనే. ఇరవై నాలుగేళ్ళుగా అదే పని. చెవి వెనక సుద్దముక్క, ఎడమ బొటనవేలి మీద కాలిన మచ్చ, జేబులో ఎప్పుడూ గలగలలాడే రెండు నట్లు, ఇవీ అతని గుర్తులు. పిల్లలకి అతని పేరు తెలీదు, 'ఊయల మామ' అంటారు. ఆఫీసు వెనక రేకుల షెడ్డు అతని రాజ్యం. అందులో తల ఊడిన చెక్కగుర్రాలు, సొట్టపడ్డ జారుడుబల్లలు, కాలు విరిగిన తూగుడుబల్లలు వరసగా వైద్యం కోసం ఎదురుచూస్తూ ఉంటాయి. మా అక్క ఆ షెడ్డుని 'మా సవతి ఇల్లు' అంటుంది.

ఇలా హాయిగా సాగిపోతున్న బతుకులో కిందటేడు ఒక సర్క్యులర్ వచ్చి పడింది. ఇకమీదట ఏ ఆటసామానుకైనా 'భద్రం' అని రాసిన రేకుబిళ్ళ వేలాడదీసి సంతకం పెట్టేవాళ్ళు మెకానిక్స్ ప్రాథమిక పరీక్ష పాసై ఉండాలట. చలనం, భ్రమణం, కట్టడాల మీద పనిచేసే బలాలు, ఇవీ పాఠాలు. నలభై మార్కులొస్తే పాసు. అవకాశాలు మూడు. మూడూ తప్పితే మొక్కలకి నీళ్ళు పెట్టే పైపుల సెక్షనుకి బదిలీ, షెడ్డు తాళం బయటి కాంట్రాక్టరు చేతికి. మా బావ మొదటిసారి పంతొమ్మిది మార్కులు తెచ్చుకున్నాడు. రెండోసారి బాగా కష్టపడి పదిహేడు తెచ్చుకున్నాడు.

ఆ పదిహేడు వచ్చిన రోజున అక్క నాకు ఫోన్ చేసింది.

"ఊరందరి పిల్లలకీ చెప్తావు, ఇంట్లో మనిషికి చెప్పలేవా? నీ చదువు ఏం చేసుకోవడానికే?"

నేను కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. ఇరవై ఆరేళ్ళ సర్వీసు. నాకు ముక్కుమీద కోపమని మా స్టూడెంట్లూ మా ఇంట్లోవాళ్ళూ ఏకగ్రీవంగా ఒప్పుకుంటారు. బావకి పాఠం చెప్పడమంటే కొరివితో తల గోక్కోవడమేనని నాకు తెలుసు. అయినా అక్క అడిగితే కాదనే ధైర్యం నాకు చిన్నప్పటినుంచీ లేదు. రెండు వీధుల అవతలే వాళ్ళ ఇల్లు. రోజూ పొద్దున్న అయిదున్నరకి వాళ్ళ వంటింటి బల్ల దగ్గర పాఠం, ఏడుకి ఎవరి పనికి వాళ్ళం. పరీక్షకి మూడు నెలల గడువుంది.

మొదటి రోజు అతని పాత జవాబు పత్రం నకలు అడిగి తెప్పించుకుని చూశాను. రెండో ప్రశ్నలో గోడకి బిగించిన ఒక ఇనుప బ్రాకెట్, దాని చివర వేలాడే బరువు. దాని మీద పనిచేసే బలాలు చూపించమన్నారు. మా బావ బ్రాకెట్ గీశాడు. అబ్బ, ఏం గీశాడండీ! బోల్టు తలకి ఆరు మూలలూ ఉన్నాయి. వెల్డింగు పడ్డ చోట చేపపొలుసుల్లాంటి గీతలు కూడా ఉన్నాయి. గోడకి ఇటుకలు, ఇటుకల మధ్య సున్నం. బలం మాత్రం మచ్చుకైనా లేదు.

"దీనికి ఎంతసేపు పట్టింది బావా?"

"గంటంబావు. ఇంకో పావుగంట ఇచ్చుంటే నీడలు కూడా వేసేవాణ్ణి."

"బాణాలు ఏవి?"

"ఏం బాణాలు?"

నా తల ప్రాణం తోకకొచ్చింది. మెకానిక్స్‌లో వస్తువు అందం ఎవరికీ అక్కర్లేదనీ, వస్తువు బదులు ఒక చుక్క పెట్టి, దాన్ని ఎటువైపు ఏ బలం లాగుతోందో బాణాలు గీస్తే చాలనీ చెప్పాను. ఒక చుక్క పెట్టి, కిందికొక బాణం, పైకొక బాణం గీసి చూపించాను. అతను కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"చుక్క ఎలా నిలబడుతుంది మరదలు పిల్లా? కాళ్ళేవి?"

నాకు నలభై ఎనిమిదేళ్ళు. ఈ లోకంలో నన్ను ఇంకా పిల్లా అనే మనిషి అతనొక్కడే. అందుకని ఆ పూట తిట్టకుండా వదిలేశాను.

నెల తిరిగేసరికి ఒక సంగతి అర్థమైంది. పుస్తకంలోంచి చెబితే అతనికి చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. అదే పార్కులోంచి చెబితే, నేను సగం చెప్పేలోపే మిగతా సగం అతనే అందుకునేవాడు. త్వరణం అంటే ఏమిటో వారం రోజులు బుర్రకెక్కలేదు. చివరికి విసిగిపోయి, "జారుడుబల్ల మీద పిల్లాడు పైన ఎలా ఉంటాడు, కింద ఎలా ఉంటాడు?" అని అడిగాను. "పైన మెల్లిగా, కిందకొచ్చేసరికి జోరుగా. అందుకేగా రంగు ఎప్పుడూ కిందే ముందు పోతుంది," అన్నాడు. ఆ జోరు పెరగడమే త్వరణం అన్నాను. "ఈ మాత్రానికి అంత నోరు తిరగని పేరెందుకు పెట్టారు?" అని నన్నే కోప్పడ్డాడు. బల భ్రామకం తూగుడుబల్లతో పది నిమిషాల్లో అయిపోయింది. లావు పిల్లాణ్ణి మధ్యకి జరిపి బక్కపిల్లాణ్ణి చివర కూర్చోబెట్టడం అతను కొన్ని వేలసార్లు చేసిన పనే. రంగులరాట్నం మీద పిల్లలంతా అంచున కూర్చుంటే తొయ్యడం కష్టం, మధ్యకి చేరితే సులువు. ఎందుకో మాత్రం ఇరవై నాలుగేళ్ళుగా తెలీదట. జడత్వ భ్రామకం గురించి చెప్పిన రోజున మా బావ మొహం చూడాలి. సొంత పెళ్ళిలో కూడా అంత వెలిగిపోలేదు.

చుక్క ఒక్కటే అతనికి కొరుకుడు పడలేదు. ఎన్నిసార్లు చెప్పినా పెన్ను పట్టుకోగానే చెయ్యి వస్తువు వైపే పోయేది. చుక్క పెట్టి, ఎవరూ చూడకుండా దానికి రెండు బోల్టులు బిగించేవాడు.

పరీక్ష ఇంకా పదమూడు రోజులుందనగా, ఒక సోమవారం పొద్దున్న, నిలువు వృత్తంలో చలనం చెప్పాను. తాడుకి కట్టిన రాయి పైనుంచి కిందికి ఊగుతూ వచ్చినప్పుడు, అడుగున తాడు మీద పడే లాగుడు ఎంత? ఇది నాకు కంఠతా వచ్చిన పాఠం. చకచకా రాసుకుంటూ పోయాను.

"తాడు నిలువు నుంచి అరవై డిగ్రీలు పక్కకి లేచి వదిలితే, అడుగుకొచ్చేసరికి తాడు మీద పడేది బరువుకి రెట్టింపు. పూర్తిగా అడ్డంగా లేస్తే మూడింతలు. గుర్తుపెట్టుకో, దీనిమీద ప్రశ్న రావచ్చు."

బావ చాయ్ గ్లాసు నోటిదాకా తెచ్చి ఆపేశాడు.

"రాయి అన్నావు. పిల్లలైతే?"

"పిల్లలైనా అంతే. రాయికి వేరు, పిల్లలకి వేరు ఉండదు."

"తొంభై కిలోలున్నారనుకో. కదలకుండా కూర్చుంటే?"

"తొంభై."

"ఊగితే?"

"ఎంత ఎత్తు ఊగితే అంత. నూట ఎనభై కావచ్చు, ఇంకా పైన కావచ్చు. ఇదంతా ఎందుకు, లెక్క చెయ్యి."

అతను లెక్క చెయ్యలేదు. గ్లాసు బల్లమీద పెట్టి, చెవి వెనక సుద్దముక్క తీసి వేళ్ళ మధ్య తిప్పుతూ కూర్చున్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. ఏమైంది బావా అని మళ్ళీ మళ్ళీ అడిగితే అప్పుడు చెప్పాడు.

ఊయల బాగుచేశాక అది గట్టిదో కాదో తేల్చడానికి ఆ షెడ్డులో ఒక పద్ధతుంది. అతనికంటే ముందున్న మేస్త్రీ నేర్పిన పద్ధతి. యాభై కిలోల ఇసుకబస్తాలు రెండు ఊయల పీట మీద పెట్టడం, ఒక చాయ్ తాగేంతసేపు ఉంచడం, ఏమీ కాకపోతే స్తంభం మీద సుద్దతో టిక్కు కొట్టడం. నూరు కిలోలు ఆగింది కదా, పిల్లలు నూరు కిలోలుంటారా ఎక్కడైనా, అన్నది లెక్క. ఆ లెక్కకి తిరుగులేదనే అందరూ అనుకున్నారు.

"పెద్ద పిల్లలు ఇద్దరిద్దరు నిలబడి ఊగుతారు. ఇద్దరూ కలిసి తొంభై ఉంటారు. నేను వంద పెట్టాను గదా అని ధీమాగా ఉన్నాను," అన్నాడు. "నా బస్తాలు కదల్లేదు మరదలా. పిల్లలు కదులుతారు."

మర్నాడు పొద్దున్న నేను వెళ్ళేసరికి బల్ల దగ్గర అక్క ఒక్కతే ఉంది. "సవతి ఇంటికి పోయారు, నాలుగున్నరకే," అంది. నాకు ఒళ్ళు మండింది. పరీక్ష పన్నెండు రోజుల్లో పెట్టుకుని ఇదేం వేషం అనుకుంటూ వెతుక్కుంటూ వెళితే, షెడ్డు పక్క పార్కులో దొరికాడు. తోడు రంగులాయన కూడా ఉన్నాడు. రంగులాయనంటే ఆటసామాన్లకి రంగులేసే ముసలాయన, రిటైరవడానికి రెండేళ్ళుంది, నోరు మాత్రం ఎప్పటికీ రిటైరవదు. ఇద్దరూ ఊయల పీటకి రెండు బస్తాలు కట్టి, వాటిని వెనక్కి లాగాలని కిందా మీదా పడుతున్నారు. బస్తాలు జానెడు కదిలి మళ్ళీ యథాస్థానానికి వచ్చేస్తున్నాయి.

"పరీక్ష పెట్టుకుని బస్తాలకి ఊయలూపుతున్నావా?" అని అరిచాను.

"అరవై మూడు ఊయలలున్నాయి మరదలా. అన్నిటి మీదా నా టిక్కే ఉంది."

"పరీక్ష అయ్యాక చూడొచ్చుగా?"

"నిన్నటిదాకా తెలీదు కాబట్టి నిద్రపట్టింది. ఇప్పుడు తెలిసిపోయిందిగా!"

రంగులాయన నడుం పట్టుకుని మూలుగుతూ, "అమ్మా, మీరు చెప్పిన పాఠమేదో మాకు పులి మీద పుట్రలా తగులుకుంది. ఇంత చదువు చెప్పినవాళ్ళు, ఈ బస్తా ఎలా లాగాలో కూడా చెప్పి పుణ్యం కట్టుకోండి," అన్నాడు.

కోపంలో కూడా నాకు నవ్వొచ్చింది. కప్పీలు లేవా అని అడిగాను. షెడ్డులో ఉన్నాయన్నారు. ఎదురుగా ఉన్న దీపస్తంభానికి రెండు జోళ్ళ కప్పీలు కట్టించి, తాడు నాలుగు పాయలుగా నడిపించాను. నాలుగో వంతు బలం సరిపోతుంది, కానీ తాడు నాలుగింతలు లాగాలి, లోకంలో ఏదీ ఊరికే రాదు అని చెప్పాను. అరవై డిగ్రీలు కొలవడానికి నా దగ్గరున్న కోణమానిని తీశాను. బావ అది చూసి తల అడ్డంగా తిప్పాడు.

"నిన్నటి నీ లెక్కలోనే ఉందిగా. అరవై డిగ్రీలంటే బస్తా గొలుసు పొడవులో సగం ఎత్తు లేచినట్టు. స్తంభం మీద సుద్దగీత పెడితే చాలు."

నిజమే. నేను ఇరవై ఆరేళ్ళుగా బోర్డు మీద రాస్తున్న కొసైన్ విలువని అతను సుద్దగీత చేసేశాడు. నేను కోణమానిని సంచిలో పెట్టేసుకున్నాను.

ఆ వారం మా క్లాసు పార్కుల్లోనే నడిచింది. వాళ్ళు తాడు లాగుతుంటే నేను బెంచీ మీద కూర్చుని ప్రశ్నలు అడిగేదాన్ని. కప్పీలు, దూలాలు, ఆధారాల దగ్గర ప్రతిచర్యలు, అన్నీ అక్కడే. సగం ప్రశ్నలకి రంగులాయన జవాబు చెప్పేవాడు, అన్నీ తప్పే. బావ తాడు వదిలేవాడు, బస్తాలు గాలిని కోసుకుంటూ వచ్చి అడుగున గొలుసుని 'కిర్ర్' మనిపించేవి. అలా పదిసార్లు ఊగి ఆగాక కొక్కేలు విప్పి లోపలివైపు వేలితో తడిమి చూసేవాడు. పాత టిక్కు చెరిపేసి, కొత్త టిక్కు పక్కన చిన్న చుక్క పెట్టేవాడు. నలభై ఊయలలు గట్టిగా ఉన్నాయి. కొండను తవ్వి ఎలుకను పడుతున్నావని నేను ఎగతాళి చేశాను.

శనివారం పొద్దున్న నలభై ఒకటోది. లైబ్రరీ పార్కులో. నేను రోజూ కాలేజీకి ఆ పార్కు పక్కనుంచే వెళతాను. పచ్చరంగు వేసిన ఊయల, స్తంభం మీద రెండు నెలల కిందటి టిక్కు ఇంకా స్పష్టంగా ఉంది. బస్తాలు సుద్దగీత దాకా లేచాయి. బావ తాడు వదిలాడు. అవి కిందికొచ్చి, సరిగ్గా అడుగున, పైదూలం దగ్గర 'టప్' మని ఒక చప్పుడైంది. ఎడమ గొలుసు తెగిన పాములా గాలిలోకి లేచింది. పీట తిరగబడి బస్తాలు రెండూ ఎగిరి, పది అడుగుల అవతల రంగు డబ్బాల మీద పడి పగిలిపోయాయి.

ఎప్పుడూ ఆగని రంగులాయన నోరు ఆగిపోయింది. ఇసుకలో పచ్చరంగు మెల్లిగా ఇంకుతోంది. బావ వెళ్ళి కొక్కెం ఏరుకొచ్చాడు. బయటికి వేలంత లావుగా కనిపిస్తోంది. లోపలివైపు, గొలుసు రాసుకునే చోట, అరిగి అరిగి పుల్లంత మిగిలింది. కదలని నూరు కిలోలకి అది ఆగింది. బావ ఆ కొక్కెం చేతిలో పట్టుకుని, బస్తాలు పడ్డచోటు చూస్తూ నేలమీద కూలబడ్డాడు. అతను ఏడవడం నేనెప్పుడూ చూడలేదు, ఆ రోజు చూశాను. పక్కనే కూర్చుని వీపు మీద చెయ్యి వేశాను. పిల్లలెవరూ లేరు బావా, ఎవరికీ ఏమీ కాలేదు బావా అని అదే మాట పదిసార్లు అన్నట్టున్నాను.

కళ్ళు తుడుచుకున్నాక అతను మొట్టమొదట అన్న మాట, "ఇంకా ఇరవై రెండున్నాయి. రేపు ఆదివారం."

ఆదివారం పార్కుల్లో ఇసుక వేస్తే రాలదు, అంతమంది పిల్లలు. ఊయలలకి తాళం వెయ్యాలంటే ఇంజనీరుగారి ఆర్డరు కావాలి. ఆర్డరు అడగాలంటే ఎందుకో రాసివ్వాలి. ఎందుకో రాస్తే, తను భద్రమన్న ఊయల భద్రం కాదని తన చేత్తో తానే రాసినట్టు. మూడో అవకాశం ముందు అలాంటి కాగితం ఫైల్లోకి వెళితే పరీక్ష రాయనిస్తారో లేదో కూడా తెలీదు.

అక్క బతిమాలింది. "మరమ్మతు పనుందని చెప్పి మూయించండి. మీ టిక్కు సంగతి ఎందుకు రాయడం? పరీక్ష అయ్యాక చెప్పుకోవచ్చు." దాచడమెందుకు, నేను కూడా అక్క పక్షమే వహించాను. మూడు నెలలు తెల్లవారుజామున లేచి చెప్పిన చదువు, చేతికందే ముందు జారిపోతుందేమోనని నా భయం.

"మరమ్మతని రాస్తే నాలుగు రోజుల తర్వాత ఎవరో తాళం తీసేస్తారు," అన్నాడు బావ. "నిజం రాస్తే తియ్యరు."

రాశాడు. నాలుగే వాక్యాలు. పన్నెండు గంటలకి ఇచ్చాడు, రెండింటికల్లా పదిహేడు పార్కుల్లోనూ ఊయలలకి తాళాలు పడ్డాయి. సోమవారం పొద్దున్న అతని చేతికి మెమో వచ్చింది. సరిగ్గా పరీక్షించకుండా ఊయలను పాసు చేసినందుకు మీ మీద చర్య ఎందుకు తీసుకోకూడదో మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వవలసింది. ఆరు రోజుల్లో పరీక్ష.

సంజాయిషీ నేను రాసిపెడతానన్నాను. నాకు ఆఫీసు భాష బాగా వచ్చు. ఇరవై నాలుగేళ్ళ సేవ, ముందున్న మేస్త్రీ నేర్పిన పద్ధతి, ఇవన్నీ పెట్టి రెండు పేజీలు ఆలోచించుకుని కూడా వెళ్ళాను. వెళ్ళేసరికి బావ బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. ముందు ఒకే కాగితం. దాని మీద బొమ్మలు రెండు.

మొదటి దాంట్లో ఒక చుక్క. కిందికొక బాణం, వంద. పైకొక బాణం, వంద. పక్కన, 'నేను పెట్టిన పరీక్ష, బస్తా కదలలేదు' అని రాసి ఉంది. రెండో దాంట్లో మళ్ళీ ఒక చుక్క. కిందికి తొంభై. పైకి రెట్టింపు పొడవున్న బాణం, నూట ఎనభై. పక్కన, 'పిల్లలు పెట్టే పరీక్ష' అని ఉంది. కింద ఒకే వాక్యం. 'ఇది నాకు ఇంతకుముందు తెలియదు, ఇప్పుడు తెలిసింది, ఇకమీద బస్తా కూడా ఊగాలి.'

ఊయల లేదు. గొలుసు లేదు. బోల్టు లేదు. చుక్కకి కాళ్ళు కూడా లేవు. నేను ఆలోచించుకొచ్చిన రెండు పేజీలూ పక్కన పెట్టేశాను. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అది అతనికి కనిపించకూడదని, "ప్రమాణాలు రాయలేదు, ఇవి కిలోలా గాడిదగుడ్లా?" అని కసిరాను. అతను బుద్ధిగా కిలోలని చేర్చాడు.

ఇంజనీరుగారు వయసులో చిన్నది, చేరి ఆరు నెలలైంది. మాటల్లో పొదుపు. ఆ కాగితం చూసి బావని పిలిపించింది. ఆ మాటలు బావ నాకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు, అందుకని నేను అక్కడ ఉన్నట్టే చెప్పగలను.

"ఈ బొమ్మలు మీరే గీశారా?"

"బొమ్మలు కావండీ. చుక్కలు."

ఆమె ఆ కాగితాన్ని చాలాసేపు చూసిందట. "ఈ ఊయల పరీక్ష మన ఆఫీసు రాతల్లో ఎక్కడా లేదు. మీకు నేర్పినవాళ్ళకి కూడా ఎవరూ నేర్పలేదు. ఆ తప్పు ఒక్క మీ నెత్తినే రుద్దలేను. మీ మీద చర్య సంగతి ఇప్పుడే చెప్పలేను. పరీక్ష మాత్రం రాయండి. మిగిలిన ఇరవై రెండూ ఈలోగా మీ పద్ధతిలోనే చూడండి. నేనూ వస్తాను," అందట.

వచ్చింది కూడా. కప్పీ తాడు మూడో మనిషిగా ఆమే లాగింది. ఆ ఇరవై రెండింట్లో ఇంకో మూడు కొక్కేలు అరిగినవి బయటపడ్డాయి. చదువుకోవలసిన ఆరు రోజుల్లో నాలుగు రోజులు అలా పోయాయి. చివరి అధ్యాయం, కట్టడాల మీద బలాలు, పరీక్ష ముందురోజు పొద్దున్న ఊయల చట్రాన్నే చూపించి గంటన్నరలో ముగించాను. ఏటవాలు కాళ్ళు ఎందుకు బయటికి చాపుకుని ఉంటాయో, అవి నేలని ఎటు తోస్తాయో అతనే నాకు చెప్పాడు.

పరీక్ష రాసి ఇంటికొచ్చి మొహం వేలాడేశాడు.

"ఒక ప్రశ్నలో 'పుల్లీ బిగింపు బొమ్మ వివరంగా, అందంగా గీయుము' అని ఉంది మరదలా."

"నీకది మంచినీళ్ళ ప్రాయం కదా!"

"చుక్క పెట్టి వచ్చాను."

అక్క నవ్వలేక ఏడవలేక వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేనైతే పగలబడి నవ్వాను, ఆనక రెండు రాత్రులు నిద్రపోలేదు.

నెలకి ఫలితాలొచ్చాయి. యాభై ఎనిమిది. ఆ చుక్కకి సున్నా. అదే వారం ఆఫీసు నుంచి రెండు కాగితాలు వచ్చాయి. ఒకటి, హెచ్చరికతో మెమో ముగించినట్టు. అది ఫైల్లో ఉంటుంది, ఉండాల్సిందేనని బావ కూడా అన్నాడు. రెండోది, ఊయల పరీక్ష ఇకమీద ఎలా చెయ్యాలో చెప్పే ఆర్డరు. గొలుసు పొడవులో సగం ఎత్తు, పదిసార్లు, ఆ తర్వాత కొక్కెం విప్పి లోపలివైపు చూడాలి. ఆర్డరు చివర రెండు చుక్కలు, నాలుగు బాణాలు అచ్చువేసి ఉన్నాయి. అక్క దాన్ని ఫ్రేము కట్టించి, వద్దన్నా వినకుండా, తన సవతి ఇంట్లో గోడకి తగిలించి వచ్చింది.

మొదటి 'భద్రం' బిళ్ళ లైబ్రరీ పార్కులో, ఆ పచ్చ ఊయలకే కట్టాడు. ఆ సాయంత్రం నేను కాలేజీ నుంచి వస్తుంటే కంచె దగ్గర నిలబడి చెయ్యి ఊపాడు. ఊయలకి కొత్త కొక్కేలు, కొత్త గొలుసు. బస్తాలు ఊగడం అయిపోయింది. అవతల పది పన్నెండుమంది పిల్లలు వరసలో నిలబడి కాళ్ళు నేలకేసి కొడుతున్నారు.

"బిళ్ళ మీద సంతకం పెట్టే ముందు మనిషి కూడా ఊగాలి. ఎక్కు," అన్నాడు.

"సిగ్గు లేకపోతే సరి! నా స్టూడెంట్లు ఎవరైనా చూస్తే?"

"నీ బరువెంత?"

"ఆడవాళ్ళని అడగకూడదు."

"సరే, చుక్క అనుకుంటాను. ఎక్కు పిల్లా."

ఎక్కాను. అతను వెనకనుంచి తోశాడు. ముందు కాళ్ళు నేలకి తగులుతాయేమోనని భయం, తర్వాత చెప్పులు ఊడిపోతాయేమోనని భయం, ఆ తర్వాత భయాలు అయిపోయాయి. పైకి లేచి, వెనక్కి వచ్చి, అడుగుకి చేరినప్పుడల్లా పీట నన్ను కిందనుంచి గట్టిగా నొక్కింది. ఒళ్ళంతా బరువెక్కి, మళ్ళీ తేలికయింది. ఇరవై ఆరేళ్ళు ఈ సూత్రాన్ని బోర్డు మీద రాశాను. రోజూ ఈ ఊయల పక్కనుంచే నడిచివెళ్ళి రాశాను. ఒక్కరోజు కూడా తల తిప్పి ఇటు చూడలేదు. నేను చెప్పిన పాఠం మా బావకి ఒక్క పొద్దుటిపూట అర్థమైంది. నాకు అర్థమవడానికి ఈ సాయంత్రం దాకా పట్టింది.

ఎంతసేపు ఊగానో తెలీదు. వరసలో మొదట నిలబడ్డ రెండు జడల పిల్ల నడుం మీద చేతులు పెట్టుకుని ముందుకొచ్చింది.

"ఆంటీ, ఇంక దిగండి. మా వంతు."

బావ జేబులోంచి పెన్ను తీసి బిళ్ళ మీద సంతకం పెట్టాడు. నేను దిగి, పీట తుడిచి, ఆ పిల్లని ఎక్కించాను.